హాజరు బోర్డు

(గుంటూరులో ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో, అమెరికా ప్రజాజీవితంలో మతవిశ్వాసం అనే విషయం మీద చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ, ముప్పై ఏళ్లకు పైగా అమెరికాలో ఉన్నాడని చెప్పారు. అంతకు ముందు సంగతి ఒకటి నేను చెప్పుకోవాలి. నేను పుట్టింది ఈ ఊళ్లోనే, కుగ్లర్ ఆస్పత్రిలో. మాది చర్చికి వెళ్లే కుటుంబం కాదు. ఇంట్లో వేంకటేశ్వరస్వామి పటం, నాన్నగారికి శనివారం ఒంటిపూట భోజనం. అయినా మా అమ్మకి రెండు కాన్పులూ అక్కడే, మా పిన్నికీ అక్కడే. ఆ ఆస్పత్రి ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అని మా ఇంట్లో ఎవరూ అడిగిన గుర్తు లేదు.

అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ పెన్సిల్వేనియా నుంచి 1883లో గుంటూరు వచ్చారు. 1898లో ఆస్పత్రి తెరిచారు. 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఆవిణ్ణి పంపింది అక్కడి లూథరన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) చర్చిల్లో ఆడవాళ్లు పెట్టుకున్న మిషనరీ సంఘం. పెద్ద పెద్ద కోటీశ్వరులు కాదు, ఆదివారం ప్రార్థనకి వచ్చే మామూలు ఇల్లాళ్లు కూడబెట్టిన చందాలు అవి. ఎక్కడో పెన్సిల్వేనియా పల్లెలో కానుకల పళ్లెంలో పడిన చిల్లర సముద్రాలు దాటి వచ్చి, ఎన్నో ఏళ్ల తరవాత మా అమ్మ పురిటి మంచానికి పైకప్పు అయింది.

ఇవాళ ఆ కానుకల పళ్లెం ఏమైందన్నదే నేను మీకు చెప్పబోయేది.

1993లో చదువుకోవడానికి నేను వెళ్లింది కూడా పెన్సిల్వేనియాకే, ఒక చిన్న కాలేజీ ఊరికి. తెలుగు కుటుంబాలు అయిదు, స్టూడెంట్లం ఓ పదిమందిమి. గుడి అంటే పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడే. 1976లో ప్రతిష్ఠ జరిగిన గుడి. మాకు కారులో మూడు గంటల దూరం. కారున్నవాళ్లు ఇద్దరే. ఆ ఏడాది గడిచి ఉగాది వచ్చేసరికి అందరం ఒకచోట కూడాలనిపించింది. హాలు అద్దెకి తీసుకునే స్తోమత లేదు. మా ప్రొఫెసరుగారి భార్య, మా చర్చిలో అడిగి చూడండి అంది. అది లూథరన్ చర్చి. కుగ్లర్ ఆస్పత్రి కూడా లూథరన్లదేనని అప్పటికి నాకు తెలియదు.

పాస్టరుగారు రెండే ప్రశ్నలు అడిగారు. ఎంతమంది వస్తారు, వంటింట్లో పొయ్యి వాడతారా. ఏ దేవుడని అడగలేదు. హీటింగు ఖర్చుకి 40 డాలర్లు ఇవ్వగలిగితే ఇమ్మన్నారు. కింద బేస్‌మెంట్ మాకిచ్చారు. పొడుగాటి గది, మడత కుర్చీలు, వందమందికి కాఫీ కాచే పెద్ద స్టీలు పాత్ర. ఒక మూల చిన్నపిల్లల బొమ్మలు, ఇంకో మూల పేదవాళ్లకి పంచడానికి డబ్బాల్లో వచ్చే బీన్సు, పాస్తా. మంగళవారం రాత్రిళ్లు తాగుడు మానాలనుకునేవాళ్లు అక్కడే కూర్చుని ఒకరి కష్టం ఒకరికి చెప్పుకునేవాళ్లు.

మేం దేవుడి పటం పెట్టి అగరుబత్తీలు వెలిగించామో లేదో ఫైర్ అలారం మోగింది. ఒక్కసారిగా టెన్షన్. వంటిల్లు చూసుకునే పెద్దావిడ, డెబ్భై ఏళ్లు దాటి ఉంటాయి, పరుగున వచ్చింది. కుర్చీ ఎక్కి అలారం ఆపింది. పైనున్న చిన్న కిటికీ తెరిచి, కర్రతో దాన్ని ఎత్తి పట్టుకుని, "మీ ప్రార్థన మీరు కానివ్వండి, నేనిక్కడ ఉంటాను" అంది. బయట ఇంకా మంచు కరగలేదు. పూజ అయ్యేదాకా ఆ చలిగాలికి ఆవిడ అలాగే నిలబడింది. మా హారతి ఆవిడ కళ్లకద్దుకోలేదు. తన విశ్వాసం తనది. కానీ మాకోసం కిటికీ పట్టుకుంది.

ఆ రోజు పైన ప్రార్థన హాలు చూడనిచ్చారు. గోడకి ఒక చెక్క బోర్డు ఉంది. దాని మీద మూడు వరసలు. ఈ రోజు హాజరు, పోయిన ఆదివారం హాజరు, కానుక. అంకెలు అచ్చేసిన అట్టముక్కలు గాడిలో దూర్చి వారం వారం మారుస్తారు. ఆ రోజు హాజరు 143 అని ఉంది. అంకె ఎందుకు గుర్తుందంటే, మా ఇంటి నంబరు కూడా అదే. ఆ బోర్డు దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు దేశం మొత్తం లెక్క చూద్దాం. మీకు ఏదైనా చర్చిలోనో, యూదుల సినగాగ్‌లోనో, మసీదులోనో సభ్యత్వం ఉందా అని, జనాభిప్రాయ సర్వేలు చేసే గ్యాలప్ సంస్థ ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చింది. 1937లో ఉందన్నవాళ్లు 73 శాతం. 1999లో 70 శాతం. మధ్యలో ఒక ప్రపంచయుద్ధం, వియత్నాం, హిప్పీలు, కుటుంబ నియంత్రణ మాత్రలు, చంద్రుడి మీద కాలుమోపడం, ఇన్ని జరిగాయి. అరవై రెండేళ్లలో తగ్గింది మూడు పాయింట్లు. ఆ తరవాత 2020కి వచ్చేసరికి 47 శాతం. ఇరవయ్యొక్క ఏళ్లలో ఇరవై మూడు పాయింట్లు పడిపోయింది. నేను అక్కడ ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఉన్న కాలం సరిగ్గా అదే. నా కళ్ల ముందే జరిగింది. జరుగుతున్నప్పుడు నాకు తెలియలేదు.

ఇలాంటి సర్వేలే చేసే ప్యూ సంస్థ లెక్కలూ అదే చెబుతున్నాయి. 2007లో మేం క్రైస్తవులమన్నవాళ్లు 78 శాతం, 2023-24లో 62 శాతం. ఏ మతమూ లేదన్నవాళ్లు 16 నుంచి 29 శాతానికి పెరిగారు. అయితే ఈ 29 శాతం మందీ దేవుణ్ణి కాదన్నవాళ్లని అనుకోకండి. నాస్తికులమని చెప్పుకున్నవాళ్లు 5 శాతమే. దేవుడున్నాడో లేడో తెలియదన్నవాళ్లు 6 శాతం. మిగతావాళ్లు, దాదాపు 19 శాతం మంది, "ప్రత్యేకంగా ఏదీ లేదు" అన్నవాళ్లు. వీళ్లలో చాలామంది ఏదో ఒక శక్తి ఉందనే నమ్ముతారు, కష్టమొస్తే దణ్ణం పెట్టుకుంటారు. దేవుడి మీద నమ్మకం పోవడం వేరు, దేవుడి పేరు మీద నలుగురూ కూడే చోటికి పోవడం మానేయడం వేరు. అమెరికాలో ఎక్కువగా జరిగింది రెండోది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. అమెరికాలో చర్చిలు ఖాళీ అవుతున్నాయి, అమ్ముడుపోతున్నాయి, చూశారా అంటూ సంబరంగా మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మెసేజ్‌లు మీలో చాలామంది చూసే ఉంటారు. చర్చిలు మూతపడుతున్న మాట నిజం. సంబరం దేనికో నాకు అర్థం కాదు. మాకు ఉగాది చేసుకోవడానికి చోటిచ్చిన గదులవి. పైగా చర్చి మానేసిన ఆ పిల్లలు ఇంకో గుడికి వెళ్లడం లేదు. ఆదివారం పొద్దున ఫోన్ చూసుకుంటూ ఇంట్లో ఉంటున్నారు. మన పిల్లలు కూడా చాలామంది అలాగే ఉంటున్నారు. గుడి కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టిన తండ్రులు నాకు తెలుసు. వాళ్ల పిల్లలు ఏడాదికోసారి, అమ్మ మాట కాదనలేక వస్తారు. పక్కింట్లో నూతి నీరు అడుగంటితే మన నూతిలోకి కూడా తొంగిచూసుకోవాలి.

ఇంతకీ ఎందుకిలా జరిగింది? అక్కడ మీరు ఎక్కువగా వినే కథ ఒకటుంది. 1962లో సుప్రీంకోర్టు బడిలో ప్రార్థన ఆపించింది, 1963లో బడిలో బైబిలు పఠనం ఆపించింది, దేవుణ్ణి బడి నుంచి గెంటేశారు, పతనం అక్కడే మొదలైంది అని. మంచివాళ్లు, నాకు కావలసినవాళ్లు కూడా ఇది నమ్ముతారు. నేను ఒప్పుకోలేను. 1962 కేసులో ఉన్న ప్రార్థనని రాసింది పాస్టర్లు కాదు, న్యూయార్క్ రాష్ట్ర విద్యాధికారులు. ప్రభుత్వ ఆఫీసులో కూర్చుని, ఎవరికీ అభ్యంతరం ఉండకూడదని ఇరవై రెండు మాటల్లో ఒక ప్రార్థన తయారుచేశారు. కోర్టు వద్దన్నది ఆ పనిని. పిల్లవాడు తనంతట తాను దణ్ణం పెట్టుకుంటే ఎవరూ వద్దనలేదు. పైగా, ఆ తీర్పు వల్లే జనం చర్చి మానేసి ఉంటే ఆ మానేయడం అరవైల్లోనే కనపడాలి కదా? 1999 దాకా 70 శాతం ఎలా నిలబడింది?

అసలు మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ కావాలన్నవాళ్లలో గట్టి భక్తులున్నారు. కనెటికట్ రాష్ట్రంలో డాన్‌బరీ అనే ఊళ్లో బాప్టిస్టు శాఖ క్రైస్తవులు 1801లో ప్రెసిడెంట్ జెఫర్సన్‌కి ఉత్తరం రాసుకున్నారు. ఆ రాష్ట్రంలో అప్పటికి ప్రభుత్వ చర్చి ఒకటి ఉండేది, వీళ్లు దానికి చెందినవాళ్లు కాదు. మా విశ్వాసం మీరు మాకు దయచేసే వరం కాదు, మా హక్కు అని వాళ్ల మొర. 1802 జనవరి 1న జెఫర్సన్ రాసిన జవాబులోదే ఆ గోడ అన్న మాట. ప్రభుత్వం చెయ్యి తగిలితే భక్తి పాడవుతుందని భక్తులే భయపడిన దేశం అది.

మరి ఆ గోడకి గండి ఎక్కడ పడింది? 1950ల వైపు చూడండి. సోవియట్ రష్యాతో పోటీ. వాళ్లు దేవుడు లేదంటారు కాబట్టి మనం దేవుడు ఉన్నాడనాలి. 1954లో జెండా ప్రతిజ్ఞలో "దేవుడి నీడన" అన్న మాట చేర్చారు. 1956లో "దేవుణ్ణి నమ్ముతాం" అన్నది జాతీయ నినాదం అయింది. నాణేల మీద ఆ మాట అంతకు ముందే ఉంది, అంతర్యుద్ధం రోజుల్లో 1864లో మొదట వచ్చింది. డాలరు నోటు మీదికి మాత్రం 1957లో ఎక్కింది. చర్చికి వెళ్లడం అంటే మంచి అమెరికన్ అని సర్టిఫికెట్ తెచ్చుకోవడం అయిపోయింది. వెళ్లకపోతే వీడు కమ్యూనిస్టేమో అని చూపులు. ఆ రోజుల్లో చర్చిలు కిటకిటలాడిన మాట నిజమే. కానీ అందులో ఎంత భక్తి, ఎంత భయం? 1991లో సోవియట్ యూనియన్ పోయింది. చర్చి మానేస్తే దేశద్రోహి అనే మాట కూడా దాంతోనే పోయింది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే ఏ మతమూ లేదనేవాళ్లు పెరగడం మొదలైంది. ఆ రెండూ కాకతాళీయంగా కలిశాయని నేను అనుకోను.

ఆ పాత రోజులన్నీ బంగారు రోజులని కూడా నేననను. 1960లో ప్రెసిడెంట్ పదవికి పోటీ చేస్తున్న కెనెడీ, కాథలిక్ అయిన పాపానికి హ్యూస్టన్ వెళ్లి ప్రొటెస్టెంట్ పాస్టర్ల ముందు నిలబడి, నేను పోప్ మాట విని దేశాన్ని నడపనని చెప్పుకోవలసి వచ్చింది. మేరీలాండ్‌లో ఒకాయన దేవుడు ఉన్నాడని ప్రమాణం చెయ్యననేసరికి నోటరీ పని ఇవ్వలేదు. 1961లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచాడు. మన సంగతే చూడండి. 2000 సెప్టెంబరు 14న అమెరికా ప్రతినిధుల సభలో మొదటిసారి ఒక హిందూ పూజారి ప్రార్థన చేశారు. ఒహాయోలోని పార్మా శివవిష్ణు ఆలయ అర్చకులు వేంకటాచలపతి సముద్రాల. వాజపేయిగారు అక్కడి ఉభయ సభల్లో ప్రసంగించిన రోజు అది. ఆ ప్రార్థన మీద అప్పుడే కొందరు గొడవ చేశారు. 2007 జులై 12న సెనేట్‌లో రాజన్ జెడ్ అనే హిందూ పెద్ద ప్రార్థన మొదలుపెడితే గ్యాలరీలోంచి ముగ్గురు లేచి అరిచారు, పోలీసులు తీసుకెళ్లారు. ఆ రోజు వీడియో నేను ఆఫీసులో చూశాను. ఆయన అదే గొంతుతో, తడబడకుండా పూర్తి చేశారు. ఒకే మతం గుత్తాధిపత్యం తగ్గబట్టే మనకి ఆ వాకిలి తెరుచుకుంది. 2009లో ప్రమాణ స్వీకారం రోజు ఒబామా, మనది క్రైస్తవుల, ముస్లిముల, యూదుల, హిందువుల, ఏ నమ్మకమూ లేనివాళ్ల దేశం అన్నప్పుడు నా కళ్లు చెమర్చాయి. కాబట్టి ఈ తగ్గుదలలో పోవలసిందీ కొంత పోయింది. అది ఒప్పుకోకపోతే నేను మీకు అబద్ధం చెప్పినట్టే.

పోకూడనిది పోయింది, దాని గురించే నా బాధంతా.

1955 డిసెంబరు. అలబామా రాష్ట్రం, మాంట్‌గమరీ. బస్సులో తెల్లవాళ్లకి సీటు వదలనందుకు రోసా పార్క్స్ అనే నల్లజాతి మహిళని అరెస్టు చేశారు. నల్లవాళ్లు బస్సులెక్కడం మానేశారు. 5వ తేదీ రాత్రి హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చి నిండిపోయి జనం వీధుల్లో నిలబడ్డారు. లోపల మాట్లాడింది ఇరవై ఆరేళ్ల పాస్టరు, మార్టిన్ లూథర్ కింగ్. ఆ తరవాత 381 రోజులు. ఇంత పెద్ద ఊళ్లో జనం పనికి ఎలా వెళ్లారు? చర్చిలే కార్లు పోగుచేశాయి. చర్చి ముందే ఎక్కడం, చర్చి ముందే దిగడం. పెట్రోలు డబ్బులు కానుకల పళ్లెంలోంచే. నాయకుడు ఒక్కడే అనుకుంటాం గానీ, వారానికి మూడుసార్లు కలిసి కూర్చుని పాడుకునే అలవాటున్న జనం లేకపోతే 381 రోజులు ఎవరు నడుస్తారు? ఎదటివాళ్లకి కూడా ఆ సంగతి తెలుసు. అందుకే 1963 సెప్టెంబరు 15న అదే రాష్ట్రంలో బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల చర్చికే బాంబు పెట్టారు. ఆదివారం పొద్దున. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు.

కింగ్ ఒక మాట అనేవారు. చర్చి ప్రభుత్వానికి యజమానీ కాదు, నౌకరూ కాదు, అంతరాత్మ అని. ఈ ఒక్క మాట పట్టుకుంటే ఆ తరవాత జరిగిన కథంతా అర్థమవుతుంది.

1979లో జెర్రీ ఫాల్వెల్ అనే పాస్టరు "మోరల్ మెజారిటీ" అనే సంస్థ పెట్టారు. గర్భస్రావం మీద, కుటుంబం మీద ఆయనకీ ఆయన మనుషులకీ నిజమైన ఆవేదన ఉంది. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ వాళ్లు ఎంచుకున్న దారి, ఒక పార్టీతో, రిపబ్లికన్లతో, పొత్తు. పార్టీకి ఓట్లు వీళ్లవి, వీళ్లకి జడ్జీలు పార్టీవి. ఇరవై ఏళ్లు తిరిగేసరికి బయటివాళ్లకి చర్చి అంటే ఆ పార్టీ ఊళ్లో పెట్టుకున్న ఆఫీసులాగా కనపడడం మొదలైంది. బర్క్‌లీ యూనివర్సిటీ సమాజ శాస్త్రవేత్తలు మైకేల్ హౌట్, క్లాడ్ ఫిషర్ 2002లోనే ఈ సంగతి రాశారు. తొంభైల్లో మతం వదిలినవాళ్లు ఎవరని చూస్తే, ఎక్కువగా మధ్యేవాదులూ ఉదారవాదులూ. వాళ్లలో దేవుణ్ణి నమ్మేవాళ్లు బోలెడంతమంది. మతం అంటే ఫలానా రాజకీయమైతే మాకు ఆ మతం పేరే వద్దు అనుకున్నారు. రెండో పార్టీవాళ్లు, డెమొక్రాట్లు, చేసింది కూడా మెచ్చుకోవలసింది కాదు. కింగ్ నడిపిన ఉద్యమం చర్చిలోంచి పుట్టిందన్న సంగతే మరిచిపోయినట్టు, భక్తి గురించి మాట్లాడేవాణ్ణి వెనకబడ్డవాడిలా చూశారు.

ఆ మంటకి ఆజ్యం పోసింది 2002. బోస్టన్‌లో కాథలిక్ గురువులు పిల్లల మీద చేసిన అఘాయిత్యాలు, పెద్దలు వాటిని కప్పిపుచ్చడం, బోస్టన్ గ్లోబ్ పత్రిక జనవరిలో బయటపెట్టింది. డిసెంబరులో అక్కడి ఆర్చిబిషప్పు కార్డినల్ బెర్నార్డ్ లా రాజీనామా చేశారు. దీని మీద నేను ఎక్కువ మాట్లాడను. పిల్లవాణ్ణి నమ్మి అప్పగించిన తల్లికి ఎవరు ఏం జవాబు చెప్పగలరు?

చిన్న కారణాలు కూడా ఉన్నాయి. ఆదివారం అనేదే ఇప్పుడు లేదు. ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో ఆదివారం షాపులు మూసెయ్యాలని చట్టం ఉండేది. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకి బెర్గెన్ కౌంటీ తెలుసు. పరామస్‌లో అంత పెద్ద పెద్ద మాల్స్, ఆదివారం బట్టల షాపులకి తాళాలు. ఇప్పటికీ అంతే. కొత్తగా వెళ్లినవాళ్లు కారు పార్క్ చేసి తెల్లబోతారు. మిగతా దేశమంతా ఆదివారం అంటే షాపింగు, పిల్లల సాకర్ మ్యాచ్. మా అబ్బాయి కోచ్ ఆదివారం పొద్దున తొమ్మిదికి ప్రాక్టీసు పెడితే ఒక్క తల్లి మాత్రం, మాకు ఆ టైము కుదరదు అంది. ఆ పిల్లవాణ్ణి టీమ్‌లోంచి తీసేశారు. నేను ఏమీ అనలేదు. అనాల్సింది.

ఇప్పుడు పైన, ప్రభుత్వంలో, ఏం జరుగుతోందో చూడండి. జనంలో క్రైస్తవులు 62 శాతం, 2025లో కొలువుదీరిన కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుల్లో 87 శాతం. 2022లో సుప్రీంకోర్టు, వాషింగ్టన్ రాష్ట్రంలో ఫుట్‌బాల్ మ్యాచ్ అవగానే మైదానం మధ్యలో మోకరిల్లి ప్రార్థించిన కోచ్ పక్షాన తీర్పిచ్చింది. 2024లో లూసియానా, ప్రతి ప్రభుత్వ బడి తరగతి గదిలో బైబిలులోని పది ఆజ్ఞలు వేలాడదీయాలని చట్టం చేసింది, అది కోర్టుకెక్కింది. 2025 ఫిబ్రవరిలో వైట్‌హౌస్‌లో విశ్వాసాల కోసం ఒక ఆఫీసే పెట్టారు. అయినా 2024లో ప్యూ అడిగితే, ప్రజాజీవితంలో మతం పలుకుబడి తగ్గుతోందని పదిమందిలో ఎనిమిదిమంది చెప్పారు. మరుసటి ఏడాదికి, పెరుగుతోందనేవాళ్లు 18 నుంచి 31 శాతం అయ్యారు. 2019 నుంచి క్రైస్తవుల శాతం కూడా ఇంకా పడకుండా దాదాపు అక్కడే ఆగింది. ఇది తిరిగి లేవడమా, మెట్టు మీద కాసేపు ఆగడమా అనే చర్చ నడుస్తోంది. నా మటుకు నాకు ఒకటి అనిపిస్తుంది. గోడ మీద ఆజ్ఞలు వేలాడదీసే చట్టం ఎంత గట్టిగా చేసినా, కిటికీ పట్టుకుని నిలబడే ఆ పెద్దావిడని ఏ చట్టం తయారుచెయ్యగలదు?

2015 జూన్ 17, బుధవారం రాత్రి. దక్షిణ కెరొలైనా రాష్ట్రం చార్ల్స్‌టన్‌లో, నల్లవాళ్ల ఎమాన్యుయేల్ చర్చిలో బైబిలు చదువుకుంటున్న చోటికి ఒక తెల్ల కుర్రాడు వచ్చాడు. కూర్చోబెట్టుకున్నారు. గంట సేపు వాళ్ల మధ్యే కూర్చుని, తొమ్మిదిమందిని కాల్చి చంపాడు. రెండు రోజుల తరవాత కోర్టులో, చనిపోయినవాళ్ల బంధువులు కొందరు వాడితో, నిన్ను క్షమిస్తున్నాం అన్నారు. ఆ రోజు టీవీ ముందు ఏ పార్టీవాడికీ నోట మాట రాలేదు. ఆ రాష్ట్ర శాసనసభ ఆవరణలో ఎన్నో ఏళ్లుగా ఎవరు అడిగినా దించని కాన్ఫెడరేట్ జెండాని, అంటే అంతర్యుద్ధంలో బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది పక్షం జెండాని, జులై 10న దించేశారు. అంతరాత్మ అని కింగ్ అన్నది ఇదే. ఆ క్షమ ఆ రెండు రోజుల్లో పుట్టింది కాదు. తరతరాలుగా బుధవారం రాత్రిళ్లు ఆ గదిలో కూర్చున్న అలవాటులోంచి వచ్చింది. ఆ గదులు మూతపడితే ఇలాంటి రోజు మళ్లీ వస్తే ఆ మాట ఎవరి నోట వస్తుంది? ఇది నన్ను రాత్రిళ్లు వేధించే ప్రశ్న.

గుంటూరు వచ్చాను కాబట్టి ఇంకో సంగతి. ఒకప్పుడు అక్కడినుంచి ఇక్కడికి మిషనరీలు వచ్చారు. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చారని మీలో చాలామందికి తెలుసు. ఇప్పుడు ప్రవాహం తిరగబడింది. అమెరికాలో కాథలిక్ చర్చి గురువులయ్యే కుర్రాళ్లు తగ్గిపోయారు. కాన్సస్ లాంటి రాష్ట్రాల్లో, గోధుమ చేల మధ్య ఊళ్లలో, పూజ చెప్పడానికి మన తెలుగు గురువులు వెళ్తున్నారు. ఫాదర్ అరుల్ కారసాల అలా వెళ్లినవారే. 1994లో కడప మేత్రాసనంలో గురుపట్టం పొందారు, 2004 నుంచి కాన్సస్‌లో ఉన్నారు. 2025 ఏప్రిల్ 3న సెనెకా అనే చిన్న ఊళ్లో, తన చర్చి పక్కనున్న నివాసం దగ్గరే ఆయన్ని ఒకడు కాల్చి చంపాడు. పేరు వినగానే నాకు డాక్టర్ కుగ్లర్ గుర్తొచ్చారు. ఆవిడ పెన్సిల్వేనియా నుంచి వచ్చి ఇక్కడ కన్నుమూశారు. ఈయన ఇక్కడినుంచి వెళ్లి అక్కడ కన్నుమూశారు. ఇద్దరూ తమవి కాని ఊళ్లలో ఇతరుల పిల్లల కోసం బతికినవాళ్లు.

మాకు ఉగాదికి చోటిచ్చిన ఆ చర్చి 2023లో మూతపడింది. నేను అప్పటికి ఆ ఊరు వదిలి చాలా ఏళ్లయింది, రెండు గంటల దూరంలో ఉన్నాను. చివరి ఆదివారం ప్రార్థనకి రమ్మని ఎవరో కబురు పెడితే వెళ్లాను. ఆ పెద్దావిడ ఎప్పుడో పోయిందట. పాస్టరుగారు కూడా పాతాయన కాదు, మూడు చర్చిలకి కలిపి ఒక్కరే, కారులో ఒకదాని తరవాత ఒకటి తిరిగే అమ్మాయి. బోర్డు అక్కడే ఉంది. పోయిన ఆదివారం హాజరు 14. ఈ రోజు హాజరు 88. ఎక్కడెక్కడి నుంచో, చిన్నప్పుడు అక్కడ సండే స్కూలు చదివినవాళ్లు పిల్లల్ని తీసుకుని వచ్చారు. నా పక్కన కూర్చున్నాయన ఆ అంకె చూసి, "మేం ఎనభై ఎనిమిది మంది నెలకోసారి వచ్చినా ఇది నిలబడేది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. చేతిలో పాటల పుస్తకం తెరిచి ఉంది గానీ పాడలేకపోయాడు.

ప్రార్థన అయ్యాక బలిపీఠం మీది కొవ్వొత్తులు ఒక్కొక్కటి ఆర్పారు. శిలువ పక్కూరి చర్చికి వెళ్లింది. పేదవాళ్లకి పంచే తిండి డబ్బాలు మాత్రం ఎక్కడికి పోవాలో ఆ రోజుకి ఎవరూ తేల్చలేదు. మిగతా సామాను ఎవరికి కావలసింది వాళ్లు తీసుకెళ్లమన్నారు. మా తెలుగు సంఘానికి కుర్చీలు తక్కువ. అడిగాను. ఆ పాస్టరమ్మ, ఎన్ని పడితే అన్ని తీసుకోండి అంది. ఒక చిన్న లారీ మాట్లాడి నలభై మడత కుర్చీలు తెచ్చాం.

ఒక్కో కుర్చీ వెనక తెల్ల రంగుతో ఆ చర్చి పేరు అచ్చు వేసి ఉంటుంది. రంగు కొంత పోయింది, అక్షరాలు మాత్రం కనపడతాయి. పోయిన ఉగాదికి మేం పంచాంగ శ్రవణం పెట్టుకుంటే, ముందు వరసలో ఉన్న ఎనిమిదేళ్ల పాప వెనక్కి తిరిగి ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివి, "తాతగారూ, ఇది ఎవరి పేరు?" అని అడిగింది. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, అగరుబత్తీల పొగ దగ్గర మొదలుపెట్టి చెప్పాను.

నమస్కారం.